వెలుగు సరే.. వైరు సంగతేంటి?

పికప్ బండ్లకు అదనపు లైట్లు.. రిలే, ఫ్యూజు మరిస్తే చీకటే

హోసూరు: రాత్రి పదకొండు దాటాక తళి రోడ్డు పక్కన కాసేపు నిలబడి చూడండి. కెలమంగలం, డెంకణికోట వైపు నుంచి టమోటా, క్యాబేజీ, బీన్సు, గులాబీలు వేసుకుని పికప్ బండ్లు ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. తెల్లారేలోగా బెంగళూరు మార్కెట్లో దించాలి. చాలా బండ్లకు కంపెనీ ఇచ్చిన రెండు హెడ్‌లైట్లు మాత్రమే ఉండవు. బంపరు మీద రెండు, క్యాబిన్ నెత్తిన ఒక పొడవాటి ఎల్ఈడీ పట్టీ. ఎదురొచ్చే మోటారు సైకిలాయన చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకు దిగిపోవడమే.

అలాగని డ్రైవర్లను తిట్టిపోస్తే సరిపోదు. తోట దగ్గర్నుంచి తారు రోడ్డు చేరేవరకు రెండు మూడు కిలోమీటర్లు మట్టి దారి. వీధి దీపం ఉండదు. బోరు పైపు కోసం తవ్విన కాలువ పూడ్చారో లేదో తెలీదు. పైగా రాగి కోతల కాలం వచ్చిందంటే బన్నేరుఘట్ట అడవుల నుంచి ఏనుగుల గుంపులు జవలగిరి, తళి, సానమావు వైపు దిగుతాయి. టాటా ఏస్‌కు తమిళంలో ‘కుట్టి యానై’ అని ముద్దు పేరు. ఆ కుట్టి యానైలో పోతుంటే మలుపులో అసలు యానై నిలబడి ఉండటం ఈ ప్రాంతంలో కట్టుకథ కాదు. డిసెంబరు, జనవరిలో మంచు సరేసరి. తళిని ‘చిన్న ఇంగ్లండ్’ అని పిలిచింది ఊరికే కాదు కదా!

కాబట్టి వెలుతురు కావాలి. దాన్ని ఎట్లా తెస్తున్నామన్నదే తేడా. లైట్లకు వేలు పోసేవాళ్లు వైరు, రిలే, ఫ్యూజు దగ్గరకొచ్చేసరికి చెయ్యి బిగిస్తున్నారు. బండి కాలిపోయే ముప్పు ఉన్నది లైటులో కాదు, సరిగ్గా అక్కడే.

ముందు ఉన్న లైటు చూసుకోండి

కొత్త లైటు కొనేముందు ఒక పని చేయాలి. మల్టీమీటరు తీసుకుని, ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర వోల్టేజీ చూడండి. హెడ్‌లైట్లు వేసి బల్బు వెనకాల హోల్డరు దగ్గర మళ్లీ చూడండి. రెంటికీ మధ్య అర వోల్టు తేడా ఉంటే సరేననుకోవచ్చు. ఒకటిన్నర, రెండు వోల్టులు తగ్గితే మాత్రం బల్బుకు తిండి అందడం లేదన్నమాట. హాలోజెన్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు పది శాతం కాదు, ఇంచుమించు ముప్పై శాతం పడిపోతుంది. పదేళ్లు తిరిగిన బండిలో స్విచ్చు పాయింట్లు నల్లబడి, ఎర్తు తుప్పు పట్టి ఉంటాయి. లైటు మసకగా ఉందని కొత్త లైట్ల మీద పడేవారిలో కొందరికి కావలసింది ఎర్తు శుభ్రం చేసుకోవడం, హెడ్‌లైట్లకే ఒక రిలే పెట్టించుకోవడం. అద్దం పసుపెక్కి ఉంటే దాన్ని మార్చుకోవడం. దుకాణంలో ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ. చెబితే లైటు అమ్ముడుపోదు మరి!

మోటరు షెడ్డులో స్టార్టరు లాంటిదే

ఇక కొత్త లైట్లే కావాలనుకుందాం. 55 వాట్ల హాలోజెన్ లైటు ఒక్కటి 12 వోల్టుల మీద దాదాపు నాలుగున్నర ఆంపియర్లు లాగుతుంది. రెండు పెడితే తొమ్మిది పైచిలుకు. కంపెనీ వేసిన హెడ్‌లైటు వైరు, డ్యాష్‌బోర్డు స్విచ్చు ఆ బండికి ఇచ్చిన బల్బులకు లెక్కకట్టి వేసినవి. దాన్నుంచే కొమ్మ తీసి కొత్త లైట్లకు కలిపితే ఇద్దరు మోసే బరువును ఒక్కడి నెత్తిన పెట్టినట్టే. మొదట స్విచ్చు వేడెక్కుతుంది. తర్వాత హోల్డరు ప్లాస్టిక్కు కరుగుతుంది. చివరికి అడవి మలుపులో కొత్త లైట్లతో పాటు పాత హెడ్‌లైట్లు కూడా ఒక్కసారిగా ఆరిపోతాయి.

హోసూరు షెడ్లలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడతాయి. ఏ భాషలో మొదలైనా బేరం ఒకచోటికే వస్తుంది. ‘అన్నా, రిలే అంతా ఎందుకు, నేరుగా ఇచ్చేయ్’ అని డ్రైవరు. ‘సరేలేప్పా’ అని ఎలక్ట్రీషియన్. పావుగంటలో పని అయిపోతుంది. పని తెలిసినాయన అయితే ఒప్పుకోడు.

రిలే అంటే ఏమిటో రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. మోటరు షెడ్డులో స్టార్టరు బటను చూశారు కదా. చిన్న బటను నొక్కితే లోపల కాయిలు పట్టుకుని, మోటరుకు కావలసిన పెద్ద కరెంటు వేరే దారిలో పోతుంది. వేలు పెట్టే బటను మీద ఆ బరువు పడదు. రిలే చేసేదీ అదే. డ్యాష్‌బోర్డు స్విచ్చు నుంచి కాయిలుకు పోయేది ఆంపియరులో చిన్న భాగం. లైట్లకు కావలసింది బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరులో వస్తుంది.

రిలే అడుగున కాళ్ల పక్కన అంకెలు ఉంటాయి. 30, 85, 86, 87. ఇవి జర్మనీ ప్రమాణం నుంచి వచ్చిన అంకెలు. ఏ కంపెనీ రిలే అయినా అర్థం ఒకటే. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే వైరు 30కి. లైట్లకు పోయేది 87కి. స్విచ్చు నుంచి వచ్చే సన్న వైరు 86కి, 85 ఎర్తుకు. ఐదు కాళ్ల రిలేలో మధ్యలో 87ఏ అని ఇంకోటి ఉంటుంది. దాని జోలికి పోకూడదు. పొరపాటున లైటు వైరు దానికి తగిలిస్తే స్విచ్చు ఆపినప్పుడు వెలుగుతుంది, వేసినప్పుడు ఆరుతుంది.

ఫ్యూజు ఎక్కడ ఉందన్నదే ముఖ్యం

ఫ్యూజు లైటును కాపాడటానికి కాదు, వైరును కాపాడటానికి. అందుకే అది లైటు దగ్గర ఉంటే ప్రయోజనం లేదు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలోనే ఉండాలి. దారిలో ఎక్కడైనా వైరు తొక్క రేగి ఛాసిస్‌కు తగిలిందనుకోండి. ఫ్యూజు లేని బ్యాటరీ వందల ఆంపియర్లు ఒక్కసారిగా వదులుతుంది. క్షణాల్లో వైరు ఎర్రగా కాలుతుంది. ఆ పక్కనే డీజిలు పైపు, రబ్బరు గొట్టాలు, నూనె మరకలు. వెనకాల ఎవరిదో నాలుగు నెలల పంట. బండి మీద కంతులు ఇంకా తీరి ఉండవు. అనుమతి లేని మార్పుల వల్ల మంట వచ్చిందని తేలితే బీమా కంపెనీ పేచీ పెట్టే అవకాశమూ ఉంది.

రెండు 55 వాట్ల లైట్లకు 15 ఆంపియర్ల ఫ్యూజు, దుకాణంలో ‘రెండున్నర ఎంఎం’ అని అడిగితే ఇచ్చే రాగి వైరు సరిపోతాయి. ఎల్ఈడీ పట్టీ అయితే అట్ట మీద రాసిన వాట్లను 12తో భాగించండి. 180 వాట్లంటే 15 ఆంపియర్లు. దానికి 20 ఆంపియర్ల ఫ్యూజు, నాలుగు ఎంఎం వైరు కావాలి. అప్పుడు రిలే కూడా 30 ఆంపియర్లకు తగ్గకూడదు. అట్ట మీద రాసినంత నిజంగా లాగని చౌక పట్టీలు చాలానే ఉన్నాయి. అయినా పెద్ద అంకెకే లెక్క కట్టుకుంటే నష్టం లేదు.

ఫ్యూజు కొట్టేసిందని సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టే అలవాటు ఇంకా పోలేదు. ఫ్యూజు పోయిందంటే ఎక్కడో తప్పుందని బండి చెబుతోంది. కాగితం చుట్టడమంటే దాని నోరు నొక్కడమే.

ఎర్తు దగ్గర కూడా ఇదే నిర్లక్ష్యం. పెయింటు మీదే స్క్రూ బిగించేస్తారు. నాలుగు రోజులు వెలుగుతుంది, వానలు పడగానే మిణుకు మిణుకు. పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద లగ్గు పెట్టి బోల్టు బిగించి, పైన గ్రీజు పూయాలి. ఎర్తు వైరు కూడా ప్లస్ వైరంత లావు ఉండాలి. పోయిన కరెంటు తిరిగి రావాల్సింది ఆ దారినే కదా.

వైరును ఇంజిను గదిలోంచి తెచ్చేటప్పుడు సైలెన్సరుకు దూరంగా, ముడతల గొట్టంలో పెట్టి తేవాలి. రేకుకు కంత పెడితే రబ్బరు బుష్ తప్పనిసరి. లేకుంటే రేకు అంచు కత్తిలా తొక్కను కోస్తుంది. ఉత్త టేపు చుట్టిన అతుకులు ఎండకు జిగురు కారి ఊడిపోతాయి. ఎలుకల సంగతి వేరే చెప్పాలా? కూరగాయలు తిరిగే బండి అంటే వాటికి పుట్టిల్లు. పని మొదలు పెట్టేముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పడం, అన్నీ అయ్యాక ఆఖరున బిగించడం మరవొద్దు.

డిప్ కొడితే ఆరిపోవాలి

స్విచ్చుకు కరెంటు ఎక్కడి నుంచి తీసుకుంటారన్న దాంట్లో ఎదుటివాడి ప్రాణం ఉంది. చాలామంది నేరుగా బ్యాటరీ ప్లస్ నుంచి తీసుకుంటారు. అప్పుడు ఎదురుగా బండి వస్తే హెడ్‌లైటు డిప్ చేస్తారు కానీ, బంపరు లైట్లు అలాగే మండుతుంటాయి. వాటిని ఆపడానికి చెయ్యి డ్యాష్‌బోర్డు మీద వెతుకులాడాలి. మలుపులో అంత తీరిక ఎక్కడిది?

మంచి ఎలక్ట్రీషియన్ రిలే 86కి వచ్చే సన్న వైరును హైబీమ్ వైరు నుంచి తీసి, మధ్యలో స్విచ్చు పెడతాడు. హైబీమ్ వేస్తేనే అదనపు లైట్లు వెలుగుతాయి. డిప్ కొట్టగానే అన్నీ ఒక్కసారే ఆరిపోతాయి. కొన్ని బండ్లలో ప్లస్ ఎప్పుడూ ఉండి ఎర్తు వైపు స్విచ్చు ఉంటుంది కాబట్టి టెస్ట్ ల్యాంపు పెట్టి చూసుకున్నాకే కలపాలి. లైట్లను కంప్యూటరు పెట్టె నడిపించే కొత్త బండ్లలో మాత్రం వైరు కోసి కలిపే పని వద్దు. తప్పు చోట కోస్తే పెట్టె చెడిపోవచ్చు, వారంటీ కూడా పోవచ్చు. అలాంటి బండిని సర్వీసు సెంటరుకు తీసుకుపోవడమే మేలు.

లైటు ఎక్కడ బిగిస్తారన్నదీ చూసుకోవాలి. క్యాబిన్ నెత్తిన పెడితే దర్జాగా ఉంటుంది. కానీ ఆ వెలుతురు బానెట్ మీద, అద్దం మీద పడి డ్రైవరు కళ్లకే అడ్డం వస్తుంది. మంచులో అయితే తెల్ల గోడ ఎదురుగా నిలబెట్టినట్టే. మంచుకు పనికొచ్చేది బంపరు కింద, హెడ్‌లైటు కన్నా తక్కువ ఎత్తులో, నేలను వెడల్పుగా చూపించే ఫాగ్ లైటు. వాటిని డిప్‌తో పాటే వేసుకోవాల్సి ఉంటుంది కాబట్టి స్విచ్చు వేరుగా ఉండాలి. వాటి వెలుతురు పైకి లేవకూడదు.

అత్తిబెలె దాటితే..

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది చదివితే విషయం స్పష్టం. ముందు దీపం కాంతి ఎప్పుడూ కిందికి వంగైనా ఉండాలి, లేదా డ్రైవరు కావాలన్నప్పుడు కిందికి దించగలిగేలా అయినా ఉండాలి. దీపానికి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉన్న కళ్లను అది చెదరగొట్టకూడదు. 111వ నిబంధన ప్రకారం ముందు వైపు స్పాట్ లైటు, సెర్చి లైటు ఉండకూడదు. ప్రత్యేక పరిస్థితుల్లో కావాలంటే రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షను కింద, చట్టం ఒప్పుకోని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

మనవాళ్ల బండ్లు రోజూ అత్తిబెలె దాటాల్సిందే. కర్ణాటక పోలీసులు 2024 జులైలో కళ్లు జిగేలుమనిపించే ఎల్ఈడీ లైట్ల మీద రాష్ట్రమంతటా తనిఖీలు పెట్టారు. తోటలో, మట్టి దారిలో వేసుకునే లైటును తారు రోడ్డు ఎక్కేముందు ఆపేయడంతో పాటు తొడుగు వేసుకునే డ్రైవర్లు కొందరున్నారు. అయితే తొడుగు వేస్తే అనుమతి వచ్చినట్టు కాదు. బిగించే ముందే ఆర్టీవో కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఏనుగు ఎదురైతే పెద్ద లైటు వేసి తరిమేద్దామనుకోవడం పొరపాటు. కళ్లలోకి వెలుతురు కొట్టి హారను మోగిస్తే బెదిరి మీదికే రావచ్చు. దూరంగా ఆపి, లైటు తగ్గించి, అది దాటిపోయేదాకా ఆగడమే. ఈ అడవుల్లో కొంత భాగం 2014 నుంచి కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం. అక్కడ రాత్రిపూట స్పాట్ లైటు తిప్పుతూ పోతే వేటగాళ్లన్న అనుమానం రావడం సహజం.

పేచీ లేకుండా ఎక్కువ పనికొచ్చే లైటు ఇంకోటుంది. బండి వెనకాల, ట్రాలీ వైపు తిప్పిన చిన్న ఎల్ఈడీ. రాత్రిపూట తోటలో క్రేట్లు ఎక్కించేటప్పుడు సెల్‌ఫోను నోట్లో కరుచుకునే బాధ తప్పుతుంది. దానికీ ఫ్యూజు ఉండాలి, బండి కదిలేముందు ఆపాలి. ఇంజిను ఆపి రెండు పెద్ద లైట్లు గంటల తరబడి వేసుకుంటే తొమ్మిది ఆంపియర్ల లెక్కన బ్యాటరీ దిగిపోతుంది. లోడు ఎక్కాక బండి స్టార్టు కాదు.

పని పూర్తయ్యాక డబ్బులిచ్చే ముందు పది నిమిషాలు లైట్లన్నీ వేసి ఉంచండి. ఆపేసి రిలే, ఫ్యూజు హోల్డరు, అతుకులను ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే అక్కడ అతుకు వదులుగానో, వైరు సన్నగానో ఉందని అర్థం. అప్పుడే విప్పించి మళ్లీ చేయించుకోండి. ఏటా మంచు మొదలయ్యే ముందు, అంటే నవంబరులో ఒకసారి, ఇదే పరీక్ష మళ్లీ చేసుకోవాలి. ఎలుక కొరికిన వైరు బయటపడేది కూడా అప్పుడే.