పసిడి శుద్ధిలో జల్లెడే కీలకం
* మిల్లు కంటే ముందు చూడాల్సింది దాని సామర్థ్యాన్నే
* కరవు నేలలో నీటి వాడకమే అసలు పరీక్ష

ముదిగుబ్బ: వేరుశనగ మిల్లులో జల్లెడ సరిగా ఆడకపోతే ఏమవుతుందో ఈ ప్రాంత రైతులకు చెప్పనక్కర్లేదు. పప్పులో చెత్త, చెత్తలో పప్పు కలిసిపోతాయి. బంగారు ముడిరాయిని శుద్ధి చేసే కర్మాగారాలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ముదిగుబ్బ మండలం ఉన్న శ్రీసత్యసాయి జిల్లాలోనే రామగిరి పసిడి క్షేత్రం ఉంది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆంగ్లేయుల కంపెనీలు అక్కడ బంగారం తవ్వాయి. అనంతరం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనిని నడిపింది. 2001లో ఆ సంస్థ మూతపడింది. కర్నూలు జిల్లా జొన్నగిరిలో ప్రైవేటు రంగంలో పసిడి ప్రాజెక్టు చేపట్టారు. ఈ నేపథ్యంలో శుద్ధి యంత్రాల తీరుతెన్నులపై అవగాహన ఈ ప్రాంతవాసులకు అవసరం.

జల్లెడ చేసే పని
గని నుంచి వచ్చిన రాళ్లను మొదట క్రషర్లు పగలగొడతాయి. కంపించే జల్లెడ వాటిని పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. సన్నవి బాల్ మిల్లుకు, పెద్దవి తిరిగి క్రషర్‌కు వెళ్తాయి. మిల్లులో పిండిగా మారిన రాయిని సైనైడ్ ద్రావణంలో కలిపి, కరిగిన బంగారాన్ని ఉత్తేజిత బొగ్గుకు పట్టిస్తారు.

ఉదాహరణకు గంటకు 100 టన్నులు జల్లెడపై పడితే, అందులో 60 టన్నులు సన్నవి అనుకుందాం. జల్లెడ 90 శాతం సమర్థంగా పనిచేస్తే 54 టన్నులు కిందికి జారతాయి. సామర్థ్యం 70 శాతానికి పడిపోతే 42 టన్నులే జారతాయి. మిగిలిన 18 టన్నుల సన్నరాయి అనవసరంగా మళ్లీ క్రషర్‌లో పడుతుంది. విద్యుత్తు వృథా కావడమే కాక మిల్లుకు చాలినంత రాయి అందదు. టన్ను రాయికి దొరికేది కొద్ది గ్రాముల బంగారమే కాబట్టి ఈ నష్టం చిన్నది కాదు.

పెంచే మార్గాలు
కొత్త జల్లెడ కొనడానికి ముందు ఉన్నదాన్ని సరిదిద్దుకోవాలి. రాయి ఒకే పక్కన పడితే మిగతా పక్క ఖాళీగా ఆడుతుంది. పూర్తి వెడల్పునా సమంగా పరచుకునేలా ఫీడర్‌ను అమర్చాలి. జల్లెడ చివర రాళ్ల పొర మందం రంధ్రం పరిమాణానికి నాలుగు రెట్లు మించరాదన్నది వాడుకలో ఉన్న సూత్రం. 20 మిల్లీమీటర్ల రంధ్రమైతే పొర 80 మిల్లీమీటర్లు దాటకూడదు. అంతకు మించితే పైన ఉన్న సన్నరాయి కిందికి చేరకముందే బయటికి పోతుంది.

రంధ్రాల అంత పరిమాణమే ఉన్న రాళ్లు ఇరుక్కుని దారి మూసేస్తాయి. జల్లెడ కింద రబ్బరు బంతులు అమర్చడం, పొడవాటి రంధ్రాల పలకలు వాడటం దీనికి విరుగుడు. పాలియురెథేన్ పలకలు ఎక్కువ కాలం మన్నుతాయి కానీ, తీగ వలతో పోలిస్తే వాటిలో రంధ్రాల విస్తీర్ణం తక్కువ. పెద్ద రాళ్లను ముందే ఆపేందుకు పైన మరో అంతస్తు అమర్చితే కింది జల్లెడపై భారం తగ్గుతుంది. వాలు పెంచితే రాయి వేగంగా కదులుతుంది, కానీ సరిగా వడకట్టుకోదు. తయారీదారు నిర్దేశించిన వేగాన్ని మించి తిప్పితే పక్క పలకలు పగుళ్లిస్తాయి.

తడి మట్టితో చిక్కు
పొడి రాయి సులువుగా జారుతుంది. పూర్తిగా నీటితో కడిగినదీ జారుతుంది. సగం తడిసిన బంకమట్టితోనే అసలు ఇబ్బంది. అది రంధ్రాలను పూడ్చేస్తుంది. నీటిని చిమ్మి కడగడం తేలికైన మార్గమే అయినా, ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే ఈ ప్రాంతంలో ఆ నీరు ఎక్కడిదన్నది ప్రశ్న. ముడిరాయి గుట్టలపై షెడ్లు వేయడం, మట్టిని మొదట్లోనే వేరుచేయడం, వాడిన నీటిని థిక్కనర్లలో తేర్చి తిరిగి వాడటం ఇక్కడికి తగిన పద్ధతులు. పొడిగా జల్లిస్తే రాతి ధూళి లేస్తుంది. అందులోని సిలికా ఊపిరితిత్తులను దెబ్బతీసి సిలికోసిస్‌కు దారితీస్తుంది. జల్లెడను మూసి ఉంచి, ధూళిని పీల్చే యంత్రాలు పెట్టడం తప్పనిసరి.

సైనైడ్ ట్యాంకుల మధ్యా సన్నని జల్లెడలు ఉంటాయి. బొగ్గును ఆపి, రాతి పిండి కలిసిన ద్రావణాన్ని మాత్రమే ముందుకు పంపడం వాటి పని. అవి చిరిగితే బంగారం పట్టిన బొగ్గు వ్యర్థంలో కలిసిపోతుంది. పూడితే ట్యాంకు పొంగి సైనైడ్ ద్రావణం బయటికి రావచ్చు. ముందున్న క్రషర్ల వద్ద ఉత్పత్తి పెంచితే వీటి సామర్థ్యాన్నీ ఆ మేరకు పెంచాలి.

అడగాల్సిన ప్రశ్నలు
పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరిపే పద్ధతిని 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ నిర్దేశిస్తోంది. నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. ఉత్పత్తి ఎన్ని టన్నులన్నది ఒక్కటే చూస్తే చాలదు. జల్లెడల వద్ద ఎంత నీరు వాడతారు, అందులో ఎంత తిరిగి వాడతారు, ధూళిని ఎలా అదుపు చేస్తారు అన్నవీ అడగాలి. బోరుబావులపై ఆధారపడిన రైతులకు బంగారం ధర కంటే ఈ లెక్కలే ముఖ్యం.