పాత కారు... లెక్క వేరు!

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అన్న సామెత పాత కారు ఇచ్చి కొత్తది తెచ్చుకునేవాళ్లకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదేమో! పెద్దగట్టు జాతరకీ, మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికీ ఇంటిల్లిపాదినీ తిప్పిన బండికి షోరూములో ధర చెప్పగానే మనసు చివుక్కుమంటుంది. సూర్యాపేటలో అయినా, కోదాడ, మిర్యాలగూడల్లో అయినా ఇదే తంతు. అలాగని బేరం తెగ్గొట్టుకోనక్కర్లేదు. లెక్క తెలిస్తే చాలు.

రెండు బేరాలు... ఒకటి కావు!

కొత్త కారు ధర ఒక బేరం, పాతదాని విలువ మరో బేరం. రెండూ కలిపేస్తే మోసపోయేది మనమే. ఉదాహరణకు కొత్త కారు 9 లక్షలు అనుకుందాం. పాత బండికి షోరూము 3.40 లక్షలు కడుతుంది, కానీ డిస్కౌంట్ ఇవ్వనంటుంది. అంటే చేతినుంచి 5.60 లక్షలు పెట్టాలి. అదే బండిని బయట 3.20 లక్షలకే అమ్మినా, కొత్తదాని మీద 40 వేలు తగ్గిస్తే కట్టాల్సింది 5.40 లక్షలే! తక్కువకి అమ్మినట్టు కనిపించినా మిగిలింది 20 వేలు. అందుకే ముందు పాత బండి ఊసెత్తకుండా కొత్తదాని ఆఖరి ధర కాగితం మీద రాయించుకోవాలి. ఆ తర్వాతే ఎక్స్‌ఛేంజ్ మాట.

ఎంత అడగొచ్చు?

బీమా పాలసీలో 'ఐడీవీ' అని ఉంటుంది. నాలుగేళ్లు దాటి అయిదేళ్లలోపు బండికి 50 శాతం తరుగుదల తీసేసి దాన్ని లెక్కిస్తారు. అది మార్కెట్ ధర కాదు కానీ, బేరానికి ఓ ఆధారం. షోరూము, పాత బళ్ల వ్యాపారి, తెలిసిన మెకానిక్... కనీసం ముగ్గురిని అడగాలి. నిరుడు పక్కింటివారికి వచ్చిన ధరే మనకీ రావాలనుకుంటే పొరపాటు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. కొత్తవి చవకైతే పాతవాటి ధరా దిగుతుంది మరి!

బండిలో లోపమేమిటో కొనేవాడికి తెలియదు. ఆ భయంతో మంచి బండికీ ధర తగ్గించేస్తాడు. ఈ సంగతిని 1970లోనే విడమరిచి చెప్పిన ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్‌కి 2001లో నోబెల్ కూడా వచ్చింది. ఆ భయం పోగొట్టేవి సర్వీసు రికార్డులు, బిల్లులే. కొత్త పెయింటు వేయిస్తే యాక్సిడెంట్ బండేమోనన్న అనుమానం తప్ప లాభం ఉండదు.

కోదాడ దాటితే...

సరిహద్దు అవతల జగ్గయ్యపేటవైపు వాళ్లు ఎక్కువ ధర చెబితే ఓసారి ఆలోచించండి. బండి ఆంధ్రప్రదేశ్‌కి మారాలంటే రవాణాశాఖ ఎన్‌వోసీ కావాలి. అక్కడ పన్నూ కట్టాలి. ఆ ఖర్చు ఎవరిదో ముందే తేల్చుకోవాలి. బ్యాంకు అప్పు తీరినా ఆర్‌సీలో దాని పేరు అలాగే ఉంటే ఫారం 35తో తీయించాలి. ఇలాంటివి మిగిలి ఉంటే బేరంలో కోత తప్పదు.

తాళం ఇచ్చేముందు...

డబ్బు చేతికొచ్చింది కదాని ఊరుకుంటే అసలుకే మోసం. ఆర్‌సీలో పేరు మారకపోతే, తర్వాత జరిగే ప్రమాదానికి పరిహారం భారం పాత యజమాని మీదే పడొచ్చని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఫారం 29, 30ల నకళ్లు, తేదీ, సమయం రాసిన డెలివరీ రసీదు దాచుకోవాలి. పేరు మారేదాకా ఆరా తీస్తూనే ఉండాలి. ఫాస్టాగ్ రద్దు చేయించాలి. లేదంటే కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర బండి వాళ్లది, డబ్బు మనది!

ఇంకోటి... క్లెయిమ్ చేయనందుకు బీమాలో వచ్చే 'నో క్లెయిమ్ బోనస్' బండిది కాదు, యజమానిది. ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది. బీమా కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే కొత్త కారుకి వాడుకోవచ్చు. కారు ఇచ్చేయండి, అది మాత్రం వదులుకోకండి!