కొయ్యకును ఇనుమునకును పొత్తు

గురి తప్పినప్పుడెల్ల గొట్టమును నిందించుట వాడుక. తప్పు తరచుగా కొయ్యది. క్రొత్తగా కొని తొడిగిన కొయ్య అయినచో మరియును.

1907 నాటి .303 లీ-ఎన్‌ఫీల్డునే చూడుడు. దాని కొయ్య రెండు ముక్కలు: భుజమున కానెడు మడమ, గొట్టమును మోయు ముందుకొయ్య. తుపాకి తన్నునప్పుడు ముందుకొయ్యపై పడు దెబ్బను దాని వెనుకకొన లోపలి రెండు ఆనికలు ఓర్చుకొనవలెను. ఒకటి ఇనుమును తాకి రెండవది ఎడమైనచో గురి చెదరును. పిదప కొయ్యయే చీలును.

కంటికి అతికినట్లుండుట నమ్మదగినది కాదు. ఇనుమునకు దీపపుమసి పలుచగా పూసి, బిగించి, విప్పి చూడవలెను. (తూటా లేదని ముందే చూచుకొనుట చెప్పనక్కరలేని మాట.) మసి అంటినచోటనే పొత్తు కుదిరినది. తక్కినచోట్ల మిట్టలను కొద్దికొద్దిగా గీకవచ్చును. ఆనికలను మాత్రము గీకరాదు. తాకని ఆనికకు సన్నని చేవపలుక అతికింపవలెను. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారమువారు మెత్తని కోచ్‌వుడ్ వాడినప్పుడు అచ్చట రాగిరేకులే తొడిగిరి.

మడమ వదులైనదని దాని పొడవుమరను తొందరపడి త్రిప్పరాదు. ముందుకొయ్యను తొలుత విప్పవలెను. ఆ మర చదరపుకొన దానిలోనికి చొచ్చియుండును, త్రిప్పినచో పగులగొట్టును.