బల్ల దిగివచ్చిన రేడియో

వాకిట ముగ్గు పడుచుండగా, వంటింట పాలు కాగుచుండగా, ఎవరి పనికిని అడ్డురాక, ఎవరి చూపును కోరక, గూటిలోని రేడియో భక్తిరంజని వినిపించుచుండిన కాలము నెరిగినవారికి, 1948 డిసెంబరు 1న ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ఇంటి పెద్దదిక్కులలో ఒకటి. అట్టి రేడియో అంతర్జాలమున కెక్కి దూరమును జయించెను గాని, శ్రోతను కుర్చీకి కట్టివేసెను. 1994 నవంబరు 7న అమెరికాలోని ఉత్తర కెరోలినా విశ్వవిద్యాలయ విద్యార్థుల కేంద్రమగు డబ్ల్యుఎక్స్‌వైసీ తన ప్రసారమును అంతర్జాలమున విడిచినది మొదలు చాలకాలము, పాట వినగోరువాడు కంప్యూటరు నంటిపెట్టుకొని యుండవలసి వచ్చెను. బట్టలు మడచుచు విననిది రేడియో యెట్లగును? అది పాటకు కాపలా కాయుట.

ఈ చెర విడిపింప యత్నించినవారు లేకపోలేదు. కెర్బాంగో అను పెట్టెను త్రీకామ్ సంస్థ 2000లో కొని, మరుసటి యేడే ఆ ప్రయత్నమును మానుకొనెను. తరువాతి స్క్వీజ్‌బాక్సు వంటివి ఇంటి వై-ఫైతో పడకగదికిని పాటను చేర్చినవి. అయినను ఇట్టి పెట్టెలలో పెక్కింటికి ఏ కేంద్రము ఏ చిరునామాయందున్నదో స్వయముగా తెలియదు. ఎచటనో యున్న కంపెనీ సర్వరు నడిగి తెలిసికొనవలెను. 2021లో రెసివా సంస్థ అట్టి సేవను నిలిపివేయగా, తీగ తెగకయే, స్పీకరు పగులకయే, దానిని నమ్ముకొనిన రేడియోలు దారి తప్పినవి. మా తాతగారి మర్ఫీ పెట్టెకు స్టేషను తప్ప మఱియొకరి దయ అక్కరలేదు. ఈ విషయమున పాతదే మేలు.

నేను చేసినది చిన్నపని. అద్దము పగిలిన పాత సెల్‌ఫోనును చార్జరుకు తగిలించి అలమరపై నుంచి, ఆకాశవాణి యాప్ తెఱచి, బ్లూటూత్ స్పీకరును వంటింటి కిటికీలో పెట్టితిని. సెకనుకు 64 కిలోబిట్ల ప్రసారమునకు గంటకు సుమారు 29 మెగాబైట్లే వ్యయమగును. ఒక్క చిక్కు కలదు: ధ్వని ముక్కలుగా వచ్చి, కొంత నిలువచేరిన పిమ్మటనే పలుకును గనుక, వార్తలకు ముందు వచ్చు పిప్ పిప్ శబ్దము ఆలస్యముగా వినబడును. వసారాలో నేనును మఱియొక ఫోను పెట్టగా, వంటింటిలో ముగిసిన వాక్యమే నా చెవిన మరల మొదలయ్యెను. దీనిని నమ్మి గడియారము దిద్దుకొనరాదు.

ఇచట ఉదయము ఆరు గంటలగునప్పుడు, చలికాలమున న్యూజెర్సీలో ముందునాటి రాత్రి ఏడున్నర. “భక్తిరంజని వింటూ రాత్రికి చారు పెడతానన్నయ్యా” అని అచటి మా చెల్లెలు నవ్వును. ఆమె యింటను కంప్యూటరు మూసియే యుండును.

మీ సొరుగులో పాత ఫోను పడియున్నచో పారవేయకుడు. కేంద్రము పెట్టి, తెరను గోడవైపు త్రిప్పి, మీ పని మీరు చూచుకొనుడు.