మిద్దెకు పిట్టగోడ ఎంత ఎత్తు ఉండాలి?

వేసవి వచ్చిందంటే నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో సగం సంసారం మిద్దెమీదికి చేరుతుంది. పగలు ఎండుమిరపకాయలు, వడియాలు. రాత్రి పడకలు. ఉక్క భరించలేక పిల్లాపాపలతో పైన పడుకోవడం మనకు తరతరాల అలవాటు. పడుకోవద్దని మేము చెప్పడం లేదు. ఆ మిద్దెకు సరైన పిట్టగోడ ఉందా అని మాత్రమే అడుగుతున్నాము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం, పడిపోవడం వల్ల ప్రపంచంలో ఏటా సుమారు 6,84,000 మంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. బ్రతికినవారి సంగతి వేరు. వెన్నుపాము దెబ్బతింటే నడుము కింది భాగం చచ్చుబడుతుంది, మూత్రం వచ్చేది తెలియదు, పడకపుండ్లు పడతాయి. ఆ మనిషితోబాటు ఇల్లంతా మంచాన పడినట్లే.

మన దేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి (2016) ప్రకారం మిద్దె అంచున, బాల్కనీకి ఉండే గోడ లేక కమ్మీలు కనీసం ఒక మీటరు ఎత్తు ఉండాలి. అంటే సుమారు 3 అడుగుల 3 అంగుళాలు. దీనికి కారణం ఉంది. నిలబడిన మనిషి బరువుకు కేంద్రం బొడ్డు దగ్గర ఉంటుంది. గోడ అంతకన్నా బాగా కింద ఉంటే అది ఆపదు, కాలికి అడ్డుతగిలి బోర్లా పడవేస్తుంది. నిద్రమత్తులో మూత్రానికి లేచినవారికి మోకాలెత్తు గోడ ఉన్నా లేనట్లే. తాగి పైకెక్కేవారి సంగతి చెప్పనే అక్కరలేదు.

కొలత గచ్చు పైనుంచి తీసుకోవాలి. కట్టినప్పుడు సరిపోయిన గోడ, తర్వాత చల్లదనానికని టైల్స్ పరిచేసరికి పొట్టిదవుతుంది. గోడ పక్కన నీళ్ళ డ్రమ్ము, మంచం, ఇటుకల కుప్ప ఉంటే పిల్లలకు అదే మెట్టు. నాపరాళ్ళు మనకు చవకే గాని, నిలబెట్టిన రాయి కింద గట్టిగా పాతకపోతే ఆనుకోగానే ఒరుగుతుంది. పాత మట్టిమిద్దెల్లో గవాచికి మూత ఉందో లేదో కూడా చూడండి.

ఇనుప కమ్మీలు పెట్టేవారు సందులు కొలవండి. అమెరికాలో నేలకు 30 అంగుళాలకు మించి ఎత్తున్న డెక్కుకు 36 అంగుళాల కమ్మీ ఉండాలనీ, 4 అంగుళాల బంతి సందులో దూరకూడదనీ అక్కడి ఇళ్ళ నియమం. చంటిబిడ్డ తల దూరకుండా పెట్టిన కొలత అది. మన ఇళ్ళకూ బాగా పనికివస్తుంది. కమ్మీలు నిలువుగా బిగించండి. అడ్డంగా పెడితే పిల్లలు నిచ్చెనలా ఎక్కుతారు.

"రేపు పైన ఇంకో అంతస్తు వేస్తాం, ఇప్పుడెందుకు గోడ?" అనేవారు చాలామంది. స్తంభాల కడ్డీలు తుప్పుపట్టి ఆకాశంలోకి చూస్తుంటాయి, ఆ రేపు మాత్రం పదేళ్ళయినా రాదు. కొత్త ఇల్లు కట్టేవాడు పైకప్పుకు పిట్టగోడ కట్టాలనీ, కట్టక ఎవరైనా పడితే ఆ దోషం ఇంటివారిదేననీ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనంలోనే ఉంది. అప్పటివారూ మనలాగే మిద్దెలమీద మెలిగినవారే. గోడ ఇటుకలు తర్వాత పై అంతస్తుకు పనికివస్తాయి. అంతవరకు ఆగలేనివారు అంచుకు ఐదారు అడుగులు లోపలగా, మెట్ల తలుపు దగ్గర పడకలు వేసుకోండి. రాత్రంతా చిన్న దీపం ఉంచండి.

ఎవరైనా పడితే లేపి కూర్చోబెట్టకండి, నీళ్ళు తాగించకండి. కాళ్ళూ చేతులూ పట్టుకుని ఎత్తితే విరిగిన ఎముక వెన్నుపామును కోయవచ్చు. మెడ కదలకుండా పట్టుకుని 108కి ఫోను చేయండి. తప్పక తరలించవలసివస్తే నలుగురు కలిసి తలుపు చెక్కమీదికి ఒక్కసారిగా జరిపి తీసుకురండి. లేచి నడిచినా ఒక రోజంతా కనిపెట్టి ఉండండి. వాంతులు, మగత, తగ్గని తలనొప్పి, చెవి ముక్కుల నుంచి రక్తం లేక నీరు, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా సరే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.