అడుగే వాద్యమగు ఆట

సంగీతము ముందు పుట్టినదనియు, దానిని విని నృత్యము వెనుక పుట్టినదనియు మన సభలలో ఒక భావము స్థిరపడియున్నది. గాయకుడు పాడుట, మార్దంగికుడు వాయించుట, నర్తకి దాని కనుగుణముగా అడుగువేయుట అను క్రమమే ప్రకృతిసిద్ధమని ఎల్లరును తలంచుచున్నారు. కాని పాదఘాతము ప్రధానముగా గల నృత్తములయందు ఈ క్రమము నిలువదు. అచ్చట నర్తకుడు వాద్యమునకు లోబడిన శ్రోత కాడు; వాద్యబృందములో నొకడు. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల యాశ్రయమున సంగీతరత్నాకరమును రచించిన శార్ఙ్గదేవుడు గీతవాద్యములతో బాటు నృత్తమును గూడ సంగీతమునందే చేర్చుట ఈ సత్యము నెఱిగియే యని నా నమ్మకము.

ఇందుకు సాక్ష్యము వెదకుటకు రాజాస్థానములకు పోవ నక్కఱలేదు. రంగారెడ్డి జిల్లాలో ఇబ్రహీంపట్నము చేరువనున్న మంచాల, ఆరుట్ల మొదలగు గ్రామములలో బోనాలనాడు గాని, పెండ్లి ఊరేగింపునాడు గాని, తుదకు చావునాడు గాని డప్పు మ్రోగనిదే కార్యము సాగదు. కఱ్ఱవలయమునకు మేకతోలు బిగించి చేసిన ఈ వాద్యమును వాయింపబోవుముందు మంట చుట్టును చేరి కాచుదురు. సడలిన తోలు వేడికి బిగియుచుండగా వ్రేళ్లతో తట్టి, చెవి యొగ్గి, మొద్దుబాఱిన నాదము ఖంగుమనువఱకు మంటకడనే త్రిప్పుచు నిలుతురు. ఎడమభుజమునుండి వ్రేలాడు డప్పును ఱొమ్మున కానించి, ఎడమచేతి సన్నని సిటికెనపుల్లతోను, కుడిచేతి పొట్టి చిర్రతోను దరువెత్తిన క్షణముననే కాలిగజ్జెలును పలుకును. ఇచ్చట వాయించువాడు వేఱు, ఆడువాడు వేఱు కాదు. ముందునిలిచిన పెద్దవాడు చిర్ర నెత్తి దరువు మార్చగానే నడుములన్నియు ఒక్కమాఱు వంగును, మోకాళ్లు మడగును. చేయి విడిచిన కాలమును కాలు పూరించును, కాలు గాలిలోనున్న లిప్తలో చిర్ర పలుకును. ఆట అలసినచో తాళము క్రుంగును, తాళము హెచ్చినచో ఆట లేచును. ఏది దేనిని అనుసరించుచున్నదో చెప్పుమన్నచో ఆడువాడు సైతము చెప్పజాలడు.

ఈ విద్యను తరతరములుగా కాపాడినవారు మాదిగలు. వారి డప్పు లేక దేవతకు బోనమెత్తజాలని ఊరే వారిని గుడిగడప దాటనీయలేదు. వారి వాయింపును కళగా గాక వెట్టిగా నెంచినది. ఈ అన్యాయమును చెప్పక డప్పును పొగడుట నాకు సమ్మతము కాదు.

కాకతి గణపతిదేవుని గజసాహిణి, అనగా ఏనుగుదళమున కధిపతి, యగు జాయపసేనాని 1253-54 నాటికి పూర్తిచేసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయములున్నవి. మొదటి నాల్గు శాస్త్రబద్ధమగు మార్గనృత్తమునకు, తక్కిన నాల్గు ఆయా ప్రాంతముల జనులాడు దేశినృత్తమునకు. అట్టి ఆటలకు ఒక సేనాని తన గ్రంథమున సగభాగ మిచ్చుట సామాన్యవిషయము కాదు. ఆ దేశినృత్తములలో పేరణి యొకటి. లాక్షణికులు దానికి చెప్పిన ఐదంగములలో ఘర్ఘరము కాలిగజ్జెలను పలికించు నేర్పు. గజ్జె కట్టిన కాలు కదలినచో మ్రోగుట సహజమే. మడమను, మునివ్రేళ్లను అదుపున నుంచి, కోరిన తావున కోరినంతయే మ్రోగించి, మఱుక్షణమున అణచుట సాధన. అది నాట్యశిక్ష యెంతయో వాద్యశిక్షయు నంతయే. మరుగుపడిన ఈ నృత్తమును నటరాజ రామకృష్ణగారు జాయప గ్రంథమును, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడి శిల్పములను ఆధారముగా గొని పునర్నిర్మించి, 1985 శివరాత్రినాడు ఆ గుడికడనే ఆడించిరి.

కూచిపూడి తరంగమున ఇత్తడిపళ్లెరపు టంచుపై నిలిచి జతులు పలికించుట మన ప్రేక్షకు లెఱిగినదే. సింహనందిని యను అంశములో 128 అక్షరముల తాళమునకు ఆడుచు, పాదముతోనే నేలపై సింహమును చిత్రింతురు.

మనము స్థిరపడిన ఈ అమెరికాలోను, అడుగే వాద్యమగు ఈ ఆటకు తోబుట్టువు గలదు. 1739లో దక్షిణ కారొలైనాలో స్టోనో నదికడ నల్లజాతి బానిసలు డోళ్లు మ్రోగించుచు తిరుగబడగా, మఱుసటి యేడు పాలకులు వారికి డోళ్లను నిషేధించుచు శాసనము చేసిరి. వాద్యమును కోలుపోయినవారు తొడలు చఱచి, ఱొమ్ము చఱచి, నేలను కాళ్లతో కొట్టి లయను దక్కించుకొనిరి; ఆ సంప్రదాయము ఐరిష్ జనుల పాదనృత్తముతో కలిసి 19వ శతాబ్దిలో ట్యాప్ నృత్యముగా రూపొందినది. డప్పు మోసినవారి చరిత్ర తెలిసినవానికి ఈ కథ పరాయిది కాదు.

ఇంత చెప్పుటకు కారణము మన వేదికలపై ధ్వనిముద్రితసంగీతము ప్రబలుటయే. ధ్వనిముద్రణలోని మృదంగము నర్తకి అడుగును వినదు. ఆమె ఒక క్షణము నిలిచినచో నిలువదు, ఉత్సాహమున త్వరపడినచో త్వరపడదు. ఎదుట కూర్చున్న మార్దంగికుడు ఆమె మడమను చూచి తన చేతిని దిద్దుకొనును. ఆ చేతిని విని ఆమె మడమ మఱియొక మాట పలుకును. వ్యయప్రయాసలు లేవనను. అయినను మన సంఘోత్సవములలో నొక్క ప్రదర్శనమైనను వాద్యకారులు సమక్షమున నుండగా జరుపవలెను. వేదికపై కఱ్ఱపలకలు పఱచి, ఒక మైకును నేలకడ నుంచవలెను. అతిథుల స్వాగతపు టూరేగింపుతో డప్పుకళాకారులను పంపివేయక, వారికి ప్రధానవేదికపై పూర్తిగా ఒక గంట కాలము, గాయకుల కిచ్చునంత పారితోషికము నీయవలెను.