నడుము వంచే లోడరు

ఇరుకైన నిర్మాణ స్థలాలలో ఇసుక, కంకర తరలించడానికి నడుము వంగే చిన్న లోడరు అనుకూలమైనది. దీని చట్రంలో రెండు భాగాలుంటాయి. ముందు భాగానికి బకెట్టు, వెనుక భాగానికి ఇంజను అమరి ఉంటాయి. ఈ రెండింటినీ నిలువు కీలు కలుపుతుంది. స్టీరింగు తిప్పగానే హైడ్రాలిక్ సిలిండర్లు చట్రాన్ని ఆ కీలు వద్ద వంచుతాయి. వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలోనే సాగుతాయి. కనుక కొద్దిపాటి చోటులోనే యంత్రం మలుపు తిరుగుతుంది.

అయితే చట్రం వంగినప్పుడు ఇంజను బరువు పక్కకు జరుగుతుంది. తిన్నగా ఉన్నప్పుడు మోయగలిగినంత బరువును యంత్రం అప్పుడు మోయలేదు. నిండిన బకెట్టును పైకెత్తి మలుపు తిప్పితే బోల్తాపడవచ్చు. అందువల్ల బకెట్టును నేలకు దగ్గరగా ఉంచి మెల్లగా నడపాలి.

ఇంజను నడుస్తుండగా కీలు పక్కన ఎవరూ నిలువరాదు. చట్రం వంగితే రెండు భాగాల మధ్య చిక్కినవారు నలిగిపోతారు. మరమ్మతుకు ముందు ఇంజను ఆపి, చట్రం కదలకుండా లాకింగు కడ్డీ బిగించాలి.